ఆపదలో కణము చేసే పని

ఎండ ముదిరితే రైతు అరక విప్పి చెట్టునీడకు చేరుతాడు. మన శరీరములోని కణము కూడ ఆపద వచ్చినప్పుడు పని నిలుపుతుంది. ఈ రహస్యము బయటపడిన చరిత్ర చిత్రమైనది.

1962లో ఇటలీలోని నేపుల్స్ నగరములో ఫెరుచియో రిటోసా అనే శాస్త్రజ్ఞుడు పండ్లపై ముసిరే చిన్న ఈగల లాలాజల గ్రంథులను పరిశీలిస్తున్నాడు. ఎవరో పొరపాటున వాటిని ఉంచిన పెట్టెలో వేడి పెంచినారు. సూక్ష్మదర్శినిలో చూడగా క్రోమోసోములపై క్రొత్త చోట్ల ఉబ్బులు కనిపించినవి. ఉబ్బు అంటే అక్కడి జన్యువు పనిచేస్తున్నదని గుర్తు. కణము ఆత్మరక్షణకు పూనుకొన్నదన్న మాట. ఆ జన్యువులు తయారుచేసే ప్రోటీనులను 1974లో కనుగొన్నారు.

అదే కాలములో ఇంగ్లండులో డేవిడ్ టిరెల్ జలుబును గురించి పరిశోధిస్తున్నాడు. ఆయన బృందము పెంచిన ఒక వైరస్‌ను జూన్ అల్మైడా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచింది. దాని చుట్టూ కిరీటము వంటి అంచు ఉన్నది. అందుచేత 1968లో ఆ జాతికి కరోనా అని పేరు పెట్టినారు. ఈగలకు, జలుబుకు సంబంధమేమి?

ప్రోటీనులు తయారుచేసే యంత్రము, అనగా రైబోసోము, వైరస్‌కు లేదు. అది కణములోని రైబోసోములనే వాడుకోవాలి. వైరస్ పెరిగేటప్పుడు జంటపోగుల ఆర్.ఎన్.ఏ. ఏర్పడుతుంది. కణములోని పి.కె.ఆర్. అనే ప్రోటీను దానిని పసిగట్టి, ప్రోటీనుల తయారీని ఆపిస్తుంది. పని లేని ఆర్.ఎన్.ఏ. సందేశములు చిన్న గుళికలుగా గుమిగూడుతవి. వేడి తగిలిన కణములలోను ఇట్టి గుళికలే ఏర్పడుతవి. అవి ఏర్పడే విధానమును 1999లో బోస్టనులో నాన్సీ కెడర్షా, పాల్ ఆండర్సన్ ప్రభృతులు వివరించినారు.

అయితే కరోనా వైరస్ ఇంతకంటె జిత్తులమారి. దాని ప్రోటీనులలో ఒకటి ఆ గుళికలను చెదరగొడుతుంది. ఎన్.ఎస్.పి.1 అనే మరొకటి రైబోసోములో సందేశము ప్రవేశించే దారికి బిరడా వలె అడ్డుపడుతుంది. దీని స్వరూపము 2020లో స్పష్టమైనది. వైరస్ సందేశముల మొదట ఒక ప్రత్యేక భాగము ఉన్నందున అవి ఈ అడ్డును తప్పించుకొంటవి. కణము సందేశములు నిలిచిపోతవి. అందులో ఇంటర్‌ఫెరాన్ తయారీకి సంబంధించినవి కూడ ఉన్నవి. 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనుగొన్న ఈ పదార్థము ఇరుగు పొరుగు కణములను హెచ్చరించేది. ఇల్లు దోచేవాడు ముందుగా కావలివాని నోరు నొక్కినట్లున్నది కదా!

రిటోసా ఆ ఉబ్బులను చూచిననాటికి కరోనా అనే పేరే పుట్టలేదు. ఐనను 2020లో లోకమును వణికించిన వ్యాధిని తెలుసుకొనుటకు అక్కరకు వచ్చిన జ్ఞానములో కొంత ఆ ఈగల పెట్టెలో మొదలైనదే.