వ్యాసాన్ని దేనితో కొలవాలి? 1911–1914 మద్రాసు వివాదం, ఒక పునఃపఠనం

వ్యావహారిక భాషోద్యమ చరిత్రను భాషాస్వరూపాన్ని గురించిన వివాదంగానే చదువుతూ వచ్చాం. ఒక పక్షాన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. మరొక పక్షాన జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. అయితే ఆ వాదం ఉద్ధృతమైంది సాహిత్య సభల్లో కంటే పరీక్షా పత్రం దగ్గరే. స్కూలు ఫైనలులోనూ మద్రాసు విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియట్‌లోనూ దేశభాషా వ్యాసరచన చోటు చేసుకోవడంతో, విద్యార్థి సొంతంగా రాసినదానికి మార్కులు ఏ ప్రాతిపదికన వేయాలన్న ప్రశ్న తలెత్తింది.

పద్యానికి తాత్పర్యం, సంధులు, సమాసాలు అడిగినంతకాలం ఈ చిక్కు లేదు. జవాబు గ్రంథంలోనే ఉండేది. వ్యాసానికి అటువంటి ఆధారం లేదు. అప్పుడు పరీక్షకుని చేతికి సులువుగా అందే కొలమానం వ్యాకరణం. ద్రుతం, అరసున్న, శకటరేఫం లెక్కపెట్టవచ్చు. ఒక వాదం నిలుస్తుందో లేదో తేల్చాలంటే మాత్రం రెండుసార్లు చదవాలి. ఆ కొలమానమైనా నమ్మదగినదేనా? గ్రాంథికవాదుల రచనల్లోని ప్రయోగ దోషాలనే ఏరి చూపి గిడుగు గద్యచింతామణి కూర్చారు. దాన్ని సాధారణంగా ఎత్తిపొడుపుగా చదువుతారు. మూల్యాంకన దృష్టితో చూస్తే అది బలమైన సాక్ష్యం: దిద్దేవారే నిలబడలేని ప్రమాణంతో పదిహేడేళ్ల పిల్లవాణ్ణి తూచడం న్యాయం కాదు.

1912–13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునన్న ఉత్తర్వు వెలువడింది. ఆధునిక భాషకు లక్ష్యంగా పేర్కొన్నవాటిలో శెట్టి లక్ష్మీనరసింహం గ్రీకు పురాణకథలు ఒకటి. గ్రాంథిక పక్షానికి ఆదర్శమైన చిన్నయసూరి నీతిచంద్రిక కూడా కథాగద్యమే. ఈ సామ్యంపై పరిశోధకుల దృష్టి పడవలసినంతగా పడలేదని నా అభిప్రాయం. ఏ భాష అన్న విషయంలో భేదించిన ఇరుపక్షాలూ విద్యార్థి ముందు ఉంచినది కథనమే. ఒక ప్రతిపాదన చేసి, ఆధారం చూపి, ఎదుటివారి ఆక్షేపణకు సమాధానం చెప్పే గద్యం కాదు.

అటువంటి గద్యం ఆ వివాదంలోనే పుట్టింది. విశ్వవిద్యాలయ సంఘంలో సభ్యుడైన గురజాడ, అధిక సంఖ్యాకుల గ్రాంథిక నిర్ణయాన్ని నిరాకరిస్తూ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం తర్కబద్ధ రచనకు మేలైన ఉదాహరణ. తెలుగు ఎలా రాయాలో వాదించే ఆ పత్రం ఆంగ్లంలో ఉండటం ఆనాటి విద్యావ్యవస్థకు తగ్గట్టే ఉంది.

నేటి డిగ్రీ జవాబు పత్రాల్లోనూ అక్షరదోషాలు, పుటల సంఖ్య త్వరగా కంటపడతాయి. తర్కం ఆలస్యంగా, ఒక్కోసారి అసలే కనబడదు. భాషకు, వాదానికి మార్కులు వేరుచేసి, ఆ విభజనను ప్రశ్నపత్రంలోనే ముద్రించడం అధ్యాపకునికి సాధ్యమైన పనే. ఇరుపక్షాల వాదాల నుంచి చెరొక పుట ఇచ్చి, ప్రతిపక్షపు అత్యంత బలమైన ఆధారాన్ని ముందుగా తమ మాటల్లో రాయమని, ఆ తరువాతే ఖండించమని అడగవచ్చు. కంఠస్థం చేసిన నోట్సు ఇక్కడ పనికిరాదు.

ఆధునిక తెలుగులో వాదించే గద్యానికి గిడుగు 1919లో తెలుగు అనే మాసపత్రికనే పెట్టారు. పూర్వగ్రంథాల నుంచి ప్రయోగాలు చూపుతూ సాగిన ఆ పత్రిక ఏడాదికే ఆగిపోయింది.