తొమ్మిదో నంబరు బండి టికెట్టు

జేబులోని డబ్బు పోతే దొంగతనం జరిగిందని అందరికీ తెలుస్తుంది. జాబితాలోని పేరు పోతే మాత్రం, తనకు అర్హతే లేదు కాబోలునని బాధితుడే తల వంచుకుంటాడు. ఈ రెండో తరహా దొంగతనాన్ని కథావస్తువుగా తీసుకున్న కంప్యూటర్ ఆట ఒకటుంది. 1998 అక్టోబరు 30న లూకాస్‌ఆర్ట్స్ సంస్థ విడుదల చేసిన 'గ్రిమ్ ఫాండాంగో' అది.

టిమ్ షేఫర్ సారథ్యంలో రూపొందిన ఈ ఆటలోని పాత్రలు చాలావరకు అస్థిపంజరాలే. మెక్సికోలో మృతులను స్మరించే పండుగ నుంచి ఆకారాలను, 1940ల నాటి హాలీవుడ్ నేర చిత్రాల నుంచి వెలుగునీడలను తీసుకున్నారు. కథానాయకుడు మానీ కాలవెరా మరణశాఖలో ట్రావెల్ ఏజెంటు. మరణించినవారు శాశ్వత విశ్రాంతి స్థలాన్ని చేరాలంటే నాలుగేళ్లు ప్రయాణించాలి. పుణ్యాత్ములకు మాత్రం నాలుగే నిమిషాల్లో చేర్చే తొమ్మిదో నంబరు రైలులో టికెట్టు దక్కుతుంది. బతికినంతకాలం మంచికే పాటుపడిన మెర్సెడిస్ కొలోమార్ మానీ బల్ల ముందుకు వస్తుంది. ఆమె ఖాతాలో ఏమీ లేదని కంప్యూటర్ చెబుతుంది. ఆమె కాలినడకన బయలుదేరుతుంది.

నిజానికి ఆ టికెట్టును అంతకుముందే కాజేశారు. శాఖలోని వారే హెక్టర్ లమాన్స్ అనే నేరస్తుడితో కుమ్మక్కై పుణ్యాత్ముల టికెట్లను దారి మళ్లిస్తున్నారు. అందుకు తుపాకి అక్కరలేకపోయింది, రికార్డు చాలింది. మానీ కూడా నిష్కళంకుడేమీ కాడు. మంచి కేసు దొరకాలని సహోద్యోగికి వెళ్లవలసినదాన్ని తానే తస్కరిస్తాడు. మెర్సెడిస్ అతని బల్ల దగ్గరకు వచ్చింది అలాగే. అవినీతి వ్యవస్థలో నిజాయితీపరుడు కూడా చిన్న అక్రమంతోనే అడుగు పెట్టవలసి రావడం ఈ కథలోని అసలు చేదు.

విమర్శకులు మెచ్చినా ఆట ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ కొన్నది. మరుసటి ఏడాది లూకాస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీ ఆగిపోయింది. షేఫర్ స్థాపించిన డబుల్ ఫైన్ సంస్థ 2015 జనవరిలో దీన్ని మెరుగుపరచి తిరిగి తెచ్చింది. తొలి రూపంలో కీబోర్డుతో నడిపించిన మానీని, ఇప్పుడు ఇతర పాయింట్ అండ్ క్లిక్ ఆటలలో మాదిరిగా మౌస్‌తో నడిపించవచ్చు.

దీన్ని ఇవాళ మళ్లీ ఆడే భారతీయుడికి ఆ పరలోకం పరిచితంగానే తోస్తుంది. రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పేరులోనే రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం ఉంది. అటువంటి రైల్వే వాడల్లో ఈ కథకు వ్యాఖ్యానం అవసరం లేదు. ఉద్యోగి ఏ తరగతిలో ప్రయాణించవచ్చునో అతని హోదాను బట్టి పాసు చెబుతుంది. ఆ కాగితం ఎవరి దయాభిక్షా కాదు, చాకిరీతో సంపాదించుకున్న హక్కు. దాన్ని చేతికిచ్చే బల్ల వెనుక కూర్చున్నవారు ధర్మకర్తలే తప్ప యజమానులు కారు.

రేషను కార్డుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2004లో చౌక ధరల దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి పంచాయతీలు, సహకార సంఘాలు, స్వయం సహాయక బృందాలకు అప్పగించింది. 2012లో, కేంద్రం కంటే ముందే, ఆహార భద్రతా చట్టం చేసింది. మొదటి చర్యతో దుకాణదారు ఊరివారికి జవాబుదారీ అయ్యాడు. రెండో చర్యతో బియ్యం హక్కుగా మారింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా మెర్సెడిస్ గతే పడుతుంది.

ఆటలో కూడా మానీ ఒంటరిగా గెలవడు. సాల్వడార్ లిమోనెస్ నడిపే రహస్య ఉద్యమం అతనికి అండగా నిలుస్తుంది. రేవులో పనిచేసే తేనెటీగలు సమ్మెకు దిగుతాయి. చివరికి అసలు టికెట్లు అసలు హక్కుదారులకు చేరుతాయి. ధనవంతులు కొన్నవి నకిలీవని తేలుతుంది. వాటితో బండెక్కినవారిని ఆ బండే నరకానికి చేరుస్తుంది.

మన లోకంలో ఏ బండీ టికెట్టు ఎవరిదని అడగదు. కొన్నవాడినీ అర్హుడినీ ఒకే వేగంతో మోసుకుపోతుంది. అందుకే పేరు లేదన్న జవాబు వినగానే వెనుదిరగకుండా, ఆ పేరును ఎవరు తీశారో, ఏ ఉత్తర్వుతో తీశారో బల్ల దగ్గరే నిలబడి అడగవలసినవారు మనుషులే.