గ్రామ కవిలెలు: మరియొక ప్రతి

పూర్వము తెలుగు గ్రామములందు కరణము వ్రాసి భద్రపరచిన తాటాకుల లెక్కల కట్టకు కవిలె యని పేరు. ఊరి పొలిమేరలు, చెరువులు, మాన్యములు, ఏ పొలము ఎవ్వరి అనుభవములో నున్నది, దానికి శిస్తు ఎంత, ఏ ప్రభువు కాలమున ఏ దానము జరిగినది మున్నగు సంగతులు అందుండెడివి. రాజ్యములు మారినను లెక్క మాత్రము కరణమువద్దనే యుండెను. క్రొత్తగా వచ్చిన అధికారి శిస్తు వసూలుకు ముందు ఆ కవిలె విప్పించి చూడక తప్పెడిది కాదు. తాటాకు చెదలకును, తడికిని లొంగును గనుక ఈ కవిలెలలో చాలభాగము నశించినది. వానిలోని సంగతులు కొన్నియైనను నేడు మనకు తెలియుచున్నవనిన, ఒకరి వెనుక ఒకరు ప్రతులు వ్రాయుచు వచ్చుటయే కారణము. గ్రామ రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించి ఎల్లరకు చూపుట ఈ వరుసలో చేరిన మరియొక ప్రతి.

మొదటి పెద్ద ప్రతి కాలిన్ మెకంజీ (1754-1821) పేర వెలసినది. ఈ స్కాట్లండు దేశీయుడు 1783 లో మదరాసు చేరి, 1815 లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. సర్వే పనిమీద తిరుగుచు అతడు గ్రామచరిత్రలను సేకరింపదొడగెను. అతనికి మన భాషలు రావు. ఊరూర మనుష్యులను పంపి, కరణములను విచారించి, కవిలెలు చూచి కాగితములపై వ్రాయించిన భారము ఏలూరి కావలి సోదరులది. వెంకట బొర్రయ్య 1803 లో చిన్నతనముననే చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. అట్లు వచ్చిన గ్రామ వృత్తాంతములే కైఫియత్తులు. వానిని కావలివారి కైఫియత్తులు అనినను న్యాయముగనే యుండును.

కాగితము కూడ చిరకాలము నిలువదు. సిరా వెలసి, పుటలు పొడియగుచుండగా సి. పి. బ్రౌను (1798-1884) వానిని తిరిగి వ్రాయించెను. మూలము చెడిపోయిన పలుచోట్ల నేడు పరిశోధకులకు ఆధారము ఆ నకలే. తరువాత కడప, గుంటూరు ప్రాంతముల కైఫియత్తులు కొన్ని అచ్చయినవి. అట్టి సంపుటములు కొన్ని ఇంటర్నెట్టులో చదువుటకు దొరకుచున్నవి.

చేతివ్రాత నకలునకును ఫొటో నకలునకును పెద్ద భేదము కలదు. వ్రాయసగాడు తనకు తెలిసిన అక్షరమును వ్రాయును. తెలియనిచోట ఊహించును, లేదా విడిచిపెట్టును. కెమెరా ఊహింపదు. 8 అంగుళముల వెడల్పు, 13 అంగుళముల పొడవు గల రిజిస్టరు పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున చిత్రించితిమనుకొందము. అడ్డముగా 2,400, నిలువుగా 3,900, వెరసి 93 లక్షల 60 వేల చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 3 బైట్లు వలయును గనుక పుటకు సుమారు 2 కోట్ల 80 లక్షల బైట్లు. 400 పుటల రిజిస్టరునకు ఇది 1,120 కోట్ల బైట్లు దాటును. ఇంత శ్రమపడి చిత్రించునప్పుడు పుట అంచులను కత్తిరించుట తెలివితక్కువ. కరణము తరువాత చేర్చిన చిన్న వ్రాతలు తరచుగా ఆ అంచులందే యుండును.

ఫొటో తెరపై కన్పించినంతమాత్రమున రికార్డు ప్రజలకు అందినట్లు కాదు. వేలకొలది పుటలలో తన ఊరి పుటను ఒక రైతు ఎట్లు పట్టుకొనగలడు? అందులకు సూచిక వలయును. సూచిక వ్రాయుట ఫొటో తీయుటకంటె కష్టమైన పని. బెజవాడ యని పాత కాగితములో నున్నచో విజయవాడ యని వెదకువానికి అది దొరకదు. మదరాసు రాజధానిలోని గ్రామ లెక్కలు ఫసలీ సంవత్సరములలో నడచెను. ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1316 అనగా 1906 జూలై మొదలు 1907 జూను వరకు. 1906 అని వెదకిన యంత్రమునకు 1316 అను అంకె కనబడియు కనబడనట్లే. ఆ అంకె తెలుగు అంకెలలో ౧౩౧౬ అని యుండిన చిక్కు మరింత పెరుగును.

భిన్నముల సంగతి మరియొకటి. మన కరణములు దశాంశములు ఎరుగరు. నాలుగేసి భాగములు చేయుచు పోవుదురు. ఒకటిలో నాలుగవ వంతు కాలు, కాలులో నాలుగవ వంతు వీసము. వీనికి ప్రత్యేకపు గుర్తులుండెను. ప్రపంచ లిపులన్నిటికి సంకేతములిచ్చు యూనికోడులో ఈ తెలుగు భిన్నపు గుర్తులు 2008 లో గాని చేరలేదు. అంతవరకు కరణపు లెక్కను ఉన్నదున్నట్లు టైపుచేయుటకు సర్వసమ్మతమైన మార్గము లేకుండెను.

ఫొటో తీయక, అందలి సంగతులను పట్టికలోనికి ఎత్తి వ్రాయు పద్ధతి వేరు. ఇందు ప్రమాద మెక్కువ. 1984 లో ఆంధ్రప్రదేశ్‌లో కరణపు ఉద్యోగములు రద్దయ్యెను. కంప్యూటరు భూమి లెక్కలు తరువాత వచ్చినవి: ఆంధ్రప్రదేశ్‌లో 2015 లో మీ భూమి, తెలంగాణలో 2020 లో ధరణి, దాని స్థానమున 2025 లో భూభారతి. పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు పేరునకు కూడ ఒక గడి యుండెడిది. ధరణిలో ఆ గడి లేకుండెను. పట్టా ఒకరి పేరనుండి సేద్యము మరియొకరు చేయుచున్నచోట, ఆ గడి పోవుటతో దున్నువాని పేరే లెక్కలో కనబడకపోయెను. అట్టివాడు తన అనుభవమును నిరూపించుకొనుటకు పాత పహాణీ కాగితమునే వెదకుకొనవలసి వచ్చును. సర్వే నెంబరులో ఒక్క అంకె తప్పు పడినను ఇదే గతి.

కావున ఎత్తి వ్రాసిన ప్రతి పంక్తికి ప్రక్కన మూలపు ఫొటో చూచు వీలుండవలెను. ఫొటో తీసితిమి గదా యని మూలమును చిత్తుకాగితములకు అమ్మరాదు. ఫొటోలో కనబడని నీటిగుర్తు, చెరిపి తిరిగి వ్రాసిన జాడ, సిరా తేడా, మూలమును చేతబట్టి వెలుతురుకు ఎత్తినపుడు బయటపడును.

చరిత్ర బోధించు ఉపాధ్యాయులు తమ ఊరి కైఫియత్తుగాని, దగ్గరి ఊరిదిగాని దొరకునేమో చూచి తరగతిలో చదివింపవచ్చును. అందు పేర్కొన్న చెరువులను పిల్లలచేత వ్రాయించి, వానిలో ఎన్ని నేటికిని నీటితో నున్నవో, ఎన్ని పొలములైనవో, ఎన్నిటిపై ఇండ్లు లేచినవో ఆదివారమునాడు స్వయముగా పోయి చూచి రమ్మనవలెను.