కడలిమీది కార్మికుని మాట

సైదాబాదు గృహస్థునకు సముద్రము దూరము. అయినను కాకినాడ తీరమున కెదురుగా కడలినుండి తీయు సహజవాయువు మనకు పరాయిది కాదు. అక్కడి ఉక్కు వేదికలపై పనిచేయువాడు ప్రమాదమును ముందుగా ఎత్తిచూపినచో వాని ఉద్యోగము నిలుచునా?

1988 జూలై 6 రాత్రి ఉత్తర సముద్రమున పైపర్ ఆల్ఫా చమురు వేదిక తగులబడి 167 మంది మరణించిరి. మరమ్మతుకై రక్షణ కవాటమును తీసివేసిన పంపును, ఆ సంగతి తెలియని రాత్రి వంతువారు నడిపిరి. లార్డు కల్లెన్ విచారణ ముగిసిన పిమ్మట, 1992లో బ్రిటిష్ పార్లమెంటు ఒక శాసనము చేసినది: సముద్ర వేదికలపై భద్రతను గూర్చి మాటాడు కార్మిక ప్రతినిధులను అందుకై తొలగించరాదు, వేధించరాదు. మరుసటి యేట అట్టి రక్షణ అన్ని పరిశ్రమల ఉద్యోగులకును లభించినది.

మన దేశమున మార్గము వేరు. 1984 నాటి భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, ఫిర్యాదు ఎవరినుండి వచ్చినదో ఇన్‌స్పెక్టరు రహస్యముగా నుంచవలెనని విధించిరి. అది ఒడ్డున నున్న కర్మాగారముల మాట. 2005 జూలై 27న ముంబై హై ఉత్తర వేదికను ఒక నౌక ఢీకొనగా మంటలు లేచి 22 మంది గతించిరి. ఆ నౌక పేరు, చిత్రముగా, ‘సముద్ర సురక్ష’! తూర్పు తీరమునకును వర్తించునట్లు సముద్ర చమురు పనుల భద్రతా నియమములు 2008లో గాని వెలువడలేదు.