బళ్ళారి చూపిన త్రోవ

నటుడు రాఘవకు ఇంటిపేరై నిలిచిన బళ్ళారి, 1953లో మైసూరు రాష్ట్రమున చేరిపోయినను, మన సీమతోడి బాంధవ్యమును పూర్తిగా తెంచుకొనలేదు. ఆ మండలమే 1980ల నడుమ భారతదేశమున మనోవైద్యము ఆసుపత్రి ప్రాకారమును దాటి గ్రామము చేరుటకు ప్రయోగక్షేత్రమయ్యెను.

పూర్వము చిత్తవైకల్యమునకు దూరనగరమందలి పిచ్చాసుపత్రియే గతి. అచ్చట విడువబడిన వారిలో పలువురకు మరల ఇల్లు చేరు భాగ్యము లేకుండెను. 1950లలో అమృతసరమున విద్యాసాగర్ అను వైద్యుడు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణమునందే డేరాలలో నిలిపి, శుశ్రూషలో భాగస్వాములను గావించుట ఈ మార్గమున తొలి అడుగనవచ్చును. 1970లలో బెంగుళూరు చెంత సకలవారయందును, చండీగఢ్ సమీపమున రాయపూర్ రాణీయందును ప్రయోగములు జరిగెను. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము వెలసెను.

బళ్ళారిలో జరిగినదేమనగా, బెంగుళూరునందలి మానసికారోగ్య సంస్థయగు నిమ్హాన్స్ నిపుణులు ప్రాథమికారోగ్యకేంద్ర వైద్యులకును, ఆరోగ్యకార్యకర్తలకును కొలదికాలపు శిక్షణ నొసగి, ఉన్మాదమును, మూర్ఛను, విషాదరోగమును గుర్తించు విధమును నేర్పిరి. మందులు కొన్నియే, కాని జ్వరపు మాత్రలిచ్చు చోటనే అవియు లభించెను. నా దృష్టిలో ఇందలి ఘనత ఔషధమునకన్న ఆ సామీప్యమునకే చెందును: కూలి మానుకొని, రైలెక్కి, ఇరుగుపొరుగు కంటబడకుండ పోవలసిన అగత్యము పెక్కుమందికి తగ్గెను.

ఈ పద్ధతినే ఆదర్శముగా గొని 1996లో కేంద్రప్రభుత్వము నాలుగు జిల్లాలలో కార్యక్రమము నారంభింపగా, వానిలో మన మెదకు ఒకటి. పిదప జిల్లాలు పెరిగినంతగా వైద్యులు పెరుగలేదు. ఐనను 2017 చట్టము మనోచికిత్స పొందుట ప్రతివ్యక్తి హక్కని శాసించినది; కావున ఇంట నెవరికైన నిద్ర చెడి, మనసు కుంగినచో, జిల్లా ఆసుపత్రిలోని మనోవైద్య విభాగమును ఆశ్రయించుటకు పాఠకులు సంకోచింపవలదు.