నలభై ఏడు ఆటల సీజన్

ఆటల పోటీలు ముగిశాక మన ఆశ్రమ పాఠశాలల్లో పి.ఇ.టి. సారు రిజిస్టరు రాస్తారు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాం, ఎన్ని గెలిచాం, ఎన్ని ఓడాం, ఎవరు ఎన్ని పరుగులు చేశారు. తర్వాత అది బీరువాలోకి పోతుంది. పై ఏడాది కొత్త జట్టు వచ్చేసరికి పాత పేర్లు ఎవరికీ గుర్తుండవు.

అలాంటి లెక్క ఒకటి 1868 నాటిది ఉంది. ఆడినవి 47. గెలిచినవి 14. ఓడినవి 14. ఫలితం తేలనివి 19. జట్టు ఆస్ట్రేలియాది, ఆడింది ఇంగ్లండులో. ఆస్ట్రేలియా నుంచి క్రికెట్ ఆడటానికి ఇంగ్లండు వెళ్లిన మొట్టమొదటి జట్టు అదే. తెల్లవాళ్ల జట్టు వెళ్లింది ఆ తర్వాత పదేళ్లకు, 1878లో. మొదట వెళ్లిన పదముగ్గురూ ఆదివాసులు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

వాళ్లలో ఎక్కువమంది విక్టోరియా రాష్ట్రం పడమటి ప్రాంతం వాళ్లు. జార్డ్‌వాడ్జలి, గుండిట్జ్‌మరా వంటి తెగలవాళ్లు. 1830ల నుంచి తెల్లవాళ్లు గొర్రెల మందలతో అక్కడికి వచ్చి భూములు ఆక్రమించారు. వేటాడుకునే నేల పచ్చిక బీడు అయిపోయింది. నేల పోగొట్టుకున్నవాళ్లే అదే నేల మీద గొర్రెల కాపర్లుగా, ఉన్ని కత్తిరించేవాళ్లుగా కూలికి కుదిరారు. మన ఏజెన్సీలో షావుకారు చేతికి పోయిన పొలంలో అదే కుటుంబం పాలేరుగా ఉండటం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ గొర్రెల ఎస్టేట్లలో యజమానుల పిల్లలతో కలిసి ఆడుతూ ఈ యువకులు క్రికెట్ నేర్చుకున్నారు.

మొదటి శిక్షకుడు టామ్ విల్స్. ఇతని కథ వింతగా ఉంటుంది. చిన్నప్పుడు ఆదివాసి పిల్లలతో ఆడుకుని వాళ్ల భాష మాట్లాడినవాడు. 1861లో క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసుల దాడిలో అతని తండ్రితో సహా 19 మంది తెల్లవాళ్లు చనిపోయారు. దానికి ప్రతీకారంగా అంతకంటే చాలా ఎక్కువమంది ఆదివాసులను చంపేశారు. అయిదేళ్లు తిరిగేసరికి అదే విల్స్ ఆదివాసి జట్టుకు ఆట నేర్పుతున్నాడు. 1866 డిసెంబర్ 26న మెల్‌బోర్న్ మైదానంలో వేలాదిమంది చూస్తుండగా వాళ్లను బరిలోకి దించాడు. ఆ ఆట ఓడిపోయారు. 1867లో సిడ్నీ వెళ్తే డబ్బు పెడతానన్న పెద్దమనిషి మోసం చేశాడు. ఆ ప్రయాణాల్లో జబ్బుపడి కొందరు చనిపోయారు.

తర్వాత చార్లెస్ లారెన్స్ అనే ఇంగ్లీషు ఆటగాడు నాయకుడిగా, శిక్షకుడిగా వచ్చాడు. విక్టోరియాలో ఆదివాసుల రక్షణ కోసమని ఒక ప్రభుత్వ బోర్డు ఉండేది. అది ఈ ప్రయాణానికి అడ్డుచెప్పింది. అంతకుముందు జరిగిన చావులు చూస్తే ఆ భయం ఉత్తిది కాదని ఒప్పుకోవాలి. నిర్వాహకులు మాత్రం ఆటగాళ్లను చాటుగా సిడ్నీ చేర్చి, 1868 ఫిబ్రవరి 8న ఓడ ఎక్కించారు. మూడు నెలల సముద్ర ప్రయాణం తర్వాత మే 13న ఇంగ్లండులో దిగారు. మే 25న లండన్ ఓవల్ మైదానంలో మొదటి ఆట. అక్టోబర్ దాకా మళ్లీ ఊపిరి తీసుకునే తీరిక లేదు.

ఇక ఆట విషయానికి వద్దాం. జట్టుకు మూలస్తంభం జానీ ముల్లాగ్. 47 ఆటల్లో 45 ఆడాడు. 1,698 పరుగులు చేశాడు, 245 వికెట్లు తీశాడు. 1,877 ఓవర్లు వేస్తే 831 ఓవర్లలో ఒక్క పరుగూ ఇవ్వలేదు. అప్పట్లో ఓవరుకు నాలుగే బంతులు. అయినా లెక్క వేసి చూడండి, ఏడున్నర వేల బంతులు పైమాటే. అవసరమైతే వికెట్ల వెనక కీపరుగా కూడా నిలబడ్డాడు. జానీ కజెన్స్ 1,358 పరుగులు, 114 వికెట్లు. లారెన్స్ 250 వికెట్లు. అంటే బౌలింగు భారం దాదాపు ముగ్గురి భుజాల మీదే నడిచింది. మన బడి జట్లలో కూడా ఇంతే కదా, ఇద్దరు ముగ్గురు పిల్లల మీదే జట్టంతా ఆధారపడి ఉంటుంది.

జూన్ 12, 13 తేదీల్లో లార్డ్స్‌లో ఎం.సి.సి. జట్టుతో ఆడారు. ఎదుటి జట్టులో దొరలు, జమీందారులు. ఎం.సి.సి. 164 పరుగులు చేస్తే మనవాళ్లు 185 చేశారు. (మనవాళ్లు అని రాసేశాను, దిద్దను.) ముల్లాగ్ ఒక్కడే 75. రెండో ఇన్నింగ్స్‌లో ఎం.సి.సి.ని 121కి కట్టడి చేశారు. గెలవాలంటే 101 చాలు. కానీ 45కే కుప్పకూలారు. 55 పరుగులతో ఓటమి. ఆ సీజన్‌లో చేతికందిన పెద్ద విజయం జారిపోయింది అక్కడే.

ఆ ఆట జరిగిన పదకొండు రోజులకు, జూన్ 24న, లండన్ ఆసుపత్రిలో కింగ్ కోల్ అనే ఆటగాడు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. లండన్ తూర్పు భాగంలో ఒక శ్మశానంలో పాతిపెట్టారు. ఆ శ్మశానం ఇప్పుడు మీత్ గార్డెన్స్ అనే పార్కు. 1988లో అక్కడ అతని గుర్తుగా ఒక నీలగిరి చెట్టు నాటారు. అది ఆస్ట్రేలియా చెట్టే. ఆగస్టులో ఆరోగ్యం దెబ్బతిని మరో ఇద్దరు, సన్‌డౌన్, జిమ్ క్రో, ఇంటికి వెళ్లిపోయారు. పదముగ్గురిలో ముగ్గురు తగ్గితే పది మంది. లారెన్స్‌తో పదకొండు. ఆ తర్వాత ఒకరికి జ్వరం వచ్చినా బయటి మనిషిని కలుపుకోవలసిందే. 14 ఓటములను, 14 గెలుపులను ఈ సంగతి పక్కన పెట్టుకుని చూడాలి. ఆడటానికి వీలున్న 126 రోజుల్లో 99 రోజులు వాళ్లు మైదానంలోనే ఉన్నారు.

అదీగాక ఆట ముగిశాక ఇంకో పని ఉండేది. బూమరాంగ్ విసరాలి, బల్లేలు వేయాలి, పరుగు పందేలు పెట్టాలి. డబ్బిచ్చి వచ్చిన జనంలో చాలామంది వీటికోసమే వచ్చేవారు. డిక్-ఎ-డిక్ అనే ఆటగాడు ఒక సన్నటి డాలు, ఒక కర్ర పట్టుకుని నిలబడితే కొద్ది గజాల దూరం నుంచి జనం క్రికెట్ బంతులు అతని మీదికి విసిరేవారు. అతను అన్నిటినీ తప్పించుకునేవాడు. దీన్ని తమాషా అనుకోవాలా, యుద్ధవిద్య అనుకోవాలా? మన నృత్యాలను అతిథులొచ్చినప్పుడు వేదిక ఎక్కించి ఆడించే తీరు గుర్తొచ్చి నాకు మనసు కొంచెం చివుక్కుమంటుంది. అతను మాత్రం ఎప్పుడూ తలవంచుకున్నట్టు కనబడడు. 1864లో అడవిలో తప్పిపోయిన ముగ్గురు తెల్ల పిల్లలను తొమ్మిదో రోజున జాడ పట్టి ప్రాణాలతో కనుగొన్నవాళ్లలో ఇతనొకడు. అతను వాడిన కర్ర ఈనాటికీ లార్డ్స్ మ్యూజియంలో ఉంది.

పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. టూపెన్నీ అంటే రెండు పైసల బిళ్లలాంటిది. మస్కిటో అంటే దోమ. రెడ్ క్యాప్ అంటే ఎర్రటోపీ. జిమ్ క్రో అంటే అమెరికాలో నల్లవాళ్లను వెక్కిరించే నాటకాల్లోని పాత్ర. ఇవన్నీ ఎస్టేట్ యజమానులు తగిలించిన పేర్లు. ముల్లాగ్ అసలు పేరు ఉనారిమిన్. డిక్-ఎ-డిక్ పేరు జుంగున్‌జినానుకె. కింగ్ కోల్ పేరు బ్రిపుమ్యర్రుమిన్. మైదానంలో ప్రేక్షకులు గుర్తుపట్టడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు నడికట్టు కట్టారు. టూపెన్నీ సీజన్ చివర్లో ఈస్ట్ హాంప్‌షైర్ మీద 9 పరుగులకు 9 వికెట్లు తీశాడు. స్కోరు పుస్తకంలో ఆ తొమ్మిది వికెట్ల పక్కన ఉన్నది ఆ బిళ్ల పేరే. ఇంట్లో అవ్వ పెట్టిన పేరు ఒకటి, బడిలో చేరిన రోజు హాజరుపట్టీలో పడ్డ పేరు ఒకటి ఉన్న పిల్లలు మన గూడేల్లో ఎంతమందో ఉపాధ్యాయులకు తెలుసు.

1869 ఫిబ్రవరిలో జట్టు సిడ్నీ తిరిగి వచ్చింది. అదే ఏడాది విక్టోరియాలో ఆదివాసుల రక్షణ చట్టం వచ్చింది. ఆదివాసి ఎక్కడ నివసించాలో, ఏ పని చేయాలో, అతని కూలి డబ్బులు ఏమవ్వాలో, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించే అధికారం బోర్డుకు వెళ్లింది. జట్టుగా మళ్లీ బయటి దేశం వెళ్లే దారి మూసుకుపోయింది. ఇక్కడ పిల్లలకు ఒక తేడా చెప్పాలి. మన 1/70 కూడా రక్షణ కోసం వచ్చిన చట్టమే, కానీ అది కాపాడేది ఆదివాసి భూమిని. విక్టోరియా చట్టం భూమి పోయాక వచ్చి, మిగిలిన మనిషిని కట్టేసింది. కింగ్ కోల్‌లాంటి చావు మళ్లీ జరగకూడదు అనుకోవడం న్యాయమే. అయితే వెళ్తారా, ఉంటారా అని ఆ పది మందిలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

కజెన్స్ 1871లోనే చనిపోయాడు. టూపెన్నీ 1870లో న్యూ సౌత్ వేల్స్ తరఫున ఒక ఆట ఆడాడు. ఉనారిమిన్ 1879లో విక్టోరియా తరఫున లార్డ్ హారిస్ ఇంగ్లండు జట్టు మీద రెండో ఇన్నింగ్స్‌లో 36 పరుగులు చేసి తన జట్టులో అందరికంటే ముందు నిలిచాడు. అంత పెద్ద ఆట అతనికి మళ్లీ దక్కలేదు. సొంత ప్రాంతంలో చిన్న ఊరి జట్టుకు ఆడుతూ, ఉన్ని కత్తిరిస్తూ బతికి 1891 ఆగస్టులో చనిపోయాడు. సమాధి హారో అనే ఊళ్లో ఉంది. ఆస్ట్రేలియా పురుషుల టెస్టు జట్టులో ఆదివాసిగా గుర్తింపు పొందిన మొదటి ఆటగాడు జేసన్ గిలెస్పీ చేరింది 1996లో. 1868 నుంచి లెక్కపెడితే 128 ఏళ్లు. మహిళల్లో ఫెయిత్ థామస్ అంతకు చాలా ముందే, 1958లోనే, టెస్టు ఆడింది.

2020 నుంచి మెల్‌బోర్న్‌లో డిసెంబర్ 26న మొదలయ్యే టెస్టులో ఉత్తమ ఆటగాడికి ఒక పతకం ఇస్తున్నారు. 1868 జట్టు నడుముకు కట్టుకున్న బెల్టు బకిల్ నమూనాలో దాన్ని తయారు చేశారు. మొదటిసారి దాన్ని అందుకున్నది మన అజింక్య రహానే. ఆ టెస్టులో అతను 112 పరుగులు చేశాడు, భారత్ 8 వికెట్లతో గెలిచింది. ఆ మ్యాచ్ టీవీలో చూసిన పిల్లలు మన బళ్లలో చాలామందే ఉంటారు. దాని పేరు ముల్లాగ్ పతకం. ముల్లాగ్ అనేది అతను పుట్టి పెరిగిన చోటి గొర్రెల ఎస్టేటు పేరు.