మన తాతల ఆటకు ‘ఇండియన్ డిఫెన్స్’ అని పేరెట్ల పడింది? మొదటి ఓపెనింగ్ పట్టుకునే ముందు వినుండ్రి

మన వరంగల్ పిల్లగాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ లిస్టుల 2801 రేటింగ్‌కు చేరినప్పటి సంది నన్ను చానామంది ఒకటే అడుగుతున్నరు. "అన్నా, చెస్ కొత్తగా నేర్చుకుంటున్న, ఏ ఓపెనింగ్ పట్టాలె?" జవాబు చెప్పే ముందు, నేను ఓడిపోయిన ఒక ఆట చెప్త.

నల్లగొండ దగ్గర మా ఊర్లె, అరుగు మీద, మా తాతతోటి ఆడుతున్న. నాయి తెల్లవి. ఫోన్ల చూసి ఇటాలియన్ ఓపెనింగ్ పన్నెండు ఎత్తులు బట్టీ పట్టిన. తాత మొదటి ఎత్తే నేను చదివిన దాంట్ల లేదు. గుర్రం ముందటి బంటును ఒక్క గడి జరిపిండు. "తాతా, మొదటిసారి రెండు గడులు పోవచ్చు" అన్న. "నువ్వు పో బిడ్డా, నాకు ఒక్కటి చాలు" అన్నడు. నేను నవ్విన. మధ్యల బంట్లన్నీ ముందుకు తోలిన. ఆయన ఒంటెను, అంటే బిషప్‌ను, ఆ బంటు జరిగిన ఖాళీల పెట్టి, రాజును మూలకు దాచి, నిమ్మళంగ నా బంట్లను ఒక్కొక్కటి కొట్టుకుంట పోయిండు.

అది తాత సొంత తెలివి ఒక్కటే కాదు, దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. మన దేశపు పాత చదరంగంలో చాలాచోట్ల బంటు ఒక్కొక్క గడే నడిచేది. అందుకే మనోళ్లు మధ్యలోకి ఉరకకుండా, పక్క నుంచి ఒంటెతో కాపు కాసేవాళ్లు.

1850ల ప్రాంతంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లాండ్ లాయరు, మహేశ్ చంద్ర బెనర్జీ అనే బెంగాలీ కలిసి వందల ఆటలు ఆడారు. మహేశ్ చంద్ర యూరప్ నియమాలు నేర్చుకున్నాడు గానీ, తన పాత నడక వదల్లేదు. 1855లో ఆయన నల్లపావులతో వేసిన ఎత్తులనే 1922లో ఆస్ట్రియాకు చెందిన గ్రున్‌ఫెల్డ్ పెద్ద పోటీల్లోకి తెచ్చాడు. ఇప్పుడు ఆ ఓపెనింగ్‌కు ఉన్నది గ్రున్‌ఫెల్డ్ పేరే. పక్కదైన కింగ్స్ ఇండియన్‌ను ఫిషర్, కాస్పరోవ్ ఆడారు. మహేశ్ చంద్ర మాత్రం ఎంతమందికి తెలుసు?

ఇంకొకరు పంజాబ్ సుల్తాన్ ఖాన్. పాత ఆట నేర్చి, 1929లో ఇంగ్లండ్ పోయి అదే ఏడు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లో మళ్లీ గెలిచాడు. ఓపెనింగుల్లో ఆయన వెనుకబడేవాడు, అయినా మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాను ఓడించాడు. 2024లో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

ఇగ మీ ప్రశ్నకు వద్దాం. ప్రతి ఎత్తు ఎందుకు వేస్తున్నరో మీ మాటల్ల చెప్పగలిగే ఓపెనింగ్ పట్టుండ్రి. తెల్లవాటితో ఇటాలియన్ మంచిదే: గుర్రం, ఒంటె తొందరగా బయటికొస్తయి, రాజు భద్రంగ ఉంటడు. నల్లవాటితో మొదలు రాజు ముందటి బంటుకు అదే బంటును, మంత్రి ముందటి బంటుకు అదే బంటును ఎదురు పెట్టుండ్రి. కింగ్స్ ఇండియన్ ఆడాలనుకుంటే ఒక్కటి యాదిపెట్టుకోండి: మధ్య జాగా ఎదుటోడికి ఇస్తున్నరు, కాబట్టి టైముకు బంటుతో దాన్ని కొట్టకపోతే ఊపిరాడదు. కొన్ని నెలలు ఒక్కదాన్నే ఆడుండ్రి. ఓడినప్పుడల్లా ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆగి చూడుండ్రి. నేను పన్నెండు ఎత్తులు నేర్చిన గానీ, ఒక్కదానికి కూడా కారణం నేర్వలే.

తాత ఇప్పుడు లేడు. ఆయన వేసిన ఎత్తులకు ప్రపంచంల పేరుందని ఆయనకు నేను చెప్పలేకపోయిన. నల్లగొండల గానీ, పాలమూరుల గానీ, మీ ఇంట్ల చదరంగం ఆడే పెద్దోళ్లుంటే ఇయ్యాలనే కూసోబెట్టి ఆడుండ్రి. వాళ్ల నియమాలు అడిగి ఫోన్ల రికార్డు చేసుకోండి. నవ్వకుండ్రి. మళ్ల కలుద్దాం.